సీఈఎస్ వార్తలు చదివి టీవీ కొనడం ఎలా

ఏటా జనవరిలో, సరిగ్గా భోగికి వారం ముందు, మా బావమరిది గుంటూరు నుంచి ఫోన్ చేస్తాడు. "బావా, పండక్కి టీవీ తీసుకుందామనుకున్నాం, కానీ వెగాస్‌లో ఏదో కొత్తది వచ్చిందట కదా, ఆగమంటావా?" మూడేళ్లుగా ఇదే ప్రశ్న. మూడేళ్లుగా ఆ ఇంట్లో అదే పాత 32 అంగుళాల టీవీ, తెర మీద కుడివైపు నిలువునా ఒక గీత. స్కోరు ఎడమవైపు వస్తుంది కాబట్టి క్రికెట్‌కి ఇబ్బంది లేదంటాడు. వాడికి ఫోన్లో విడతలు విడతలుగా చెప్పిందంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను, ఎందుకంటే ఇలా ఆగుతూ కూర్చున్న ఇళ్లు నాకు తెలిసి ఇంకో నాలుగున్నాయి.

ముందు ఈ సీఈఎస్, అంటే వెగాస్‌లో జరిగే కన్స్యూమర్ ఎలక్ట్రానిక్స్ షో, ఏంటో తెలుసుకుంటే సగం టెన్షన్ పోతుంది. ఇది మన నాంపల్లి నుమాయిష్ లాంటిది కాదు, టికెట్ కొనుక్కుని పిల్లల్ని తీసుకెళ్లి మిర్చి బజ్జీ తిని వచ్చేది అసలే కాదు. మామూలు జనానికి ప్రవేశం లేదు. ఈ రంగంలో పనిచేసేవాళ్లు, దుకాణాల తరఫున సరుకు కొనేవాళ్లు, పెట్టుబడి పెట్టేవాళ్లు, విలేకరులు, వీళ్ల కోసం పెట్టే వ్యాపార ప్రదర్శన. 1967 జూన్‌లో న్యూయార్క్‌లో మొదలైంది, 1978 నుంచి చలికాలంలో లాస్ వెగాస్‌లోనూ వేసవిలో షికాగోలోనూ ఏడాదికి రెండుసార్లు జరిగేది, 1998 నుంచి వెగాస్‌లో జనవరిలో ఒక్కసారే. కరోనా వల్ల 2021లో మాత్రం మొత్తం ఆన్‌లైన్‌లో నడిపారు. సీడీ ప్లేయర్‌ని 1981లో, డీవీడీని 1996లో చూపించింది ఇక్కడే, అందుకే దీనికంత పేరు.

చూపించేది దుకాణదారుకి, రాసేది విలేకరి, చదివేది మనం. అంటే అక్కడ వేదిక మీద జరిగే ప్రకటన మనల్ని ఉద్దేశించింది కాదు. మా దగ్గర ఇంత సత్తా ఉందని పక్క కంపెనీకీ, షేర్ మార్కెట్‌కీ చెప్పుకోవడం అందులో సగం. ఈ సంగతి మనసులో పెట్టుకుని వార్తలు చదవాలి.

వార్తని జల్లెడ పట్టండి

కొత్త టీవీ గురించి ఏ వార్త చదివినా, ఏ వీడియో చూసినా అందులో మూడు సంగతులు వెతకండి: ధర చెప్పారా, ఏ నెలలో అమ్ముతారో చెప్పారా, ఏయే సైజుల్లో వస్తుందో చెప్పారా. మూడూ ఉంటే అది సరుకు. ఒకటే ఉంటే ఇంకా వంటింట్లో ఉందని అర్థం. ఒక్కటీ లేకపోతే అది బొమ్మల కొలువు, చూసి ఆనందించి వచ్చేయండి.

ఉదాహరణకి చాపలా చుట్టుకుని పెట్టెలోకి వెళ్లిపోయే ఎల్‌జీ టీవీ. 2018లో తెర నమూనా చూపించారు, 2019లో ఇదిగో అమ్మేస్తున్నాం అన్నారు, నిజంగా కొరియాలో అమ్మకానికి వచ్చేసరికి 2020 అక్టోబర్ అయింది, ధర 10 కోట్ల వాన్‌లు, తర్వాత అమెరికాలో లక్ష డాలర్లు. కొన్నాళ్లకి ఆ మోడలే ఆపేశారు. 2024లో గాజు పలకలా వెనకవైపు కూడా కనిపించే 77 అంగుళాల టీవీ చూపించారు, అది ఆ ఏడాది డిసెంబర్‌లో 59,999 డాలర్లకి అమెరికాలో అమ్మకానికి వచ్చింది. మన లెక్కలో అర కోటి. ఆ డబ్బుకి గుంటూరు శివార్లలో చిన్న స్థలం చూసుకోవచ్చు. అయినా వెనకున్న గోడ కనిపించే టీవీ మనకెందుకు చెప్పండి, మన గోడల మీద ఏముందని.

నేను కూడా ఒకసారి మోసపోయాను, ఒప్పుకుంటాను. 2010 ప్రదర్శనలో ఎక్కడ చూసినా త్రీడీ టీవీలే, ఇక మామూలు టీవీ పనైపోయిందన్నట్టు రాశారు అందరూ. ఆ మరుసటి ఏడాది జీతం పెరిగిన ఊపులో ఒకటి కొన్నాను, కంపెనీ పేరు వదిలేద్దాం, దానితో రెండు కళ్లద్దాలు ఇచ్చారు, ఇంట్లో మేం నలుగురం. మిగతా రెండు అద్దాల ధర అడిగితే కళ్లు తిరిగాయి. పైగా వాటికి ఛార్జింగ్ పెట్టాలి, పెట్టుకుని పడుకుంటే బొమ్మ రాదు, అమ్మ తన కళ్లద్దాల మీద వాటిని పెట్టుకోలేక ఐదు నిమిషాల్లో తీసేసింది. మొత్తం మీద ఆ టీవీలో త్రీడీలో చూసిన సినిమాలు మూడో నాలుగో. 2017 వచ్చేసరికి పెద్ద కంపెనీల్లో చివరిదాకా చేసిన ఎల్‌జీ, సోనీ కూడా వాటిని మానేశాయి. ఆ అద్దాలు ఇప్పటికీ సొరుగులో ఉన్నాయి, మా అమ్మాయి చిన్నప్పుడు బొమ్మలాటకి వాడుకునేది.

అలాగని ప్రదర్శనలో కనిపించేదంతా గాలి కబుర్లే అనుకోకండి. 2012లో 84 అంగుళాల 4కే (హెచ్‌డీ కన్నా ఎక్కువ చుక్కలతో బొమ్మ స్పష్టంగా వచ్చే) టీవీ చూపించినప్పుడు అమెరికాలో ధర 20 వేల డాలర్ల దాకా పలికింది, ఇవాళ 43 అంగుళాల 4కే టీవీ మన మండల కేంద్రంలో వాయిదాల మీద దొరుకుతోంది. 2013లో 55 అంగుళాల ఓలెడ్ (ఇదేంటో కింద చెబుతాను) అక్కడ 15 వేల డాలర్లు, ఇప్పుడు ఆఫర్లలో ఆ సైజు మన దగ్గర లక్షకి అటూ ఇటూ వస్తోంది. నాకు అర్థమైంది ఏంటంటే, మనం కూర్చునే తీరు, చూసే తీరు మార్చుకోమని అడిగే వస్తువు నిలబడదు. త్రీడీకి అద్దాలు పెట్టుకోవాలి, 2013లో వచ్చిన వంపు తెరలకి సరిగ్గా మధ్యలో కూర్చోవాలి, మన ఇళ్లలో ఆ మధ్య చోటు ఎప్పుడూ నాన్నదే. మనల్ని ఏమీ అడగకుండా బొమ్మని మాత్రం బాగుచేసేది ఏదైనా నాలుగైదేళ్లలో మన ధరకి దిగివస్తుంది.

8కే సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 4కే తెర మీద సుమారు 83 లక్షల చుక్కలుంటాయి, 8కే మీద 3.3 కోట్లు. లెక్క ఘనంగానే ఉంది, చూడటానికి మాత్రం ఏదీ లేదు. మన డీటీహెచ్‌లో తెలుగు ఛానెళ్లు హెచ్‌డీలో వస్తేనే సంతోషం, నెట్‌ఫ్లిక్స్‌లో 4కే కావాలంటేనే అన్నిటికన్నా ఖరీదైన ప్లాన్ కట్టాలి. వదిలేయండి.

పేర్ల గందరగోళం

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, ఎందుకంటే దుకాణంలో మన చెవిలో పువ్వు పెట్టేది ఈ పేర్లతోనే.

మామూలు ఎల్‌ఈడీ టీవీ అంటే కిటికీకి పరదా కట్టి వెనక ట్యూబ్‌లైట్లు వెలిగించడం లాంటిది. పరదా మూసినా సందుల్లోంచి వెలుతురు వస్తూనే ఉంటుంది, అందుకే చీకటి సీన్లలో నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది. ఓలెడ్‌లో వెనక లైటే లేదు, ప్రతి చుక్కా తనంతట తనే వెలిగే దీపం, ఆర్పితే నిజంగా చీకటే. క్యూఎల్‌ఈడీ అనే పేరు చూసి అదీ ఇలాంటిదే అనుకుంటారు చాలామంది, కాదు, అది అదే పాత పరదా, వెనక లైటుకి ముందు రంగులు బాగా రావడానికి క్వాంటమ్ డాట్ అనే సన్నటి రేణువుల పొర ఒకటి వేస్తారు, అంతే. మినీ ఎల్‌ఈడీ అంటే వెనక లైట్లని బాగా చిన్నవి చేసి, వేలల్లో పెట్టి, గుంపులుగా విడగొట్టి, నలుపు కావాల్సిన చోట ఆ గుంపుని మసకబార్చడం లేదా పూర్తిగా ఆర్పేయడం. ఈ గుంపుల్నే జోన్లంటారు. డబ్బా మీద మినీ ఎల్‌ఈడీ అని రాసి ఉండటం ముఖ్యం కాదు, ఎన్ని జోన్లు అన్నదే ముఖ్యం. కొన్ని చవక మోడళ్లలో పేరు మినీ ఎల్‌ఈడీయే కానీ జోన్లు వందకి మించవు, మంచి వాటిలో పెద్ద సైజుల్లో వెయ్యి దాటుతాయి. ఆ సంఖ్య చెప్పని కంపెనీ ఎందుకు చెప్పడం లేదో మీరే ఊహించుకోండి.

ఈమధ్య వచ్చింది ఆర్‌జీబీ. 2025 ప్రదర్శనలో హైసెన్స్ 116 అంగుళాలది తెచ్చింది, అదే ఏడాది ఆగస్టులో శామ్‌సంగ్ 115 అంగుళాలది మైక్రో ఆర్‌జీబీ అనే పేరుతో ప్రకటించింది, అమెరికా ధర 29,999 డాలర్లు. మామూలుగా మంచి ఎల్‌సీడీ టీవీల్లో (పైన చెప్పిన పరదా రకం) వెనక ఉండేవి నీలం లైట్లు, వాటి ముందు పొర వేసి మిగతా రంగులు రాబడతారు. ఇందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగుల లైట్లూ విడివిడిగా వెనకే ఉంటాయి. అందువల్ల రంగులు చిక్కగా వస్తాయి. నిజంగానే మంచి పని ఇది, పైన చెప్పిన లెక్క ప్రకారం దిగివచ్చే రకం. కానీ దీన్ని మైక్రో ఎల్‌ఈడీతో కలపకండి. మైక్రో ఎల్‌ఈడీ అంటే ఓలెడ్‌లాగే ప్రతి చుక్కా తనే వెలిగేది, 2018లో గోడంత 146 అంగుళాలది చూపించినప్పటి నుంచి ధర చుక్కల్లోనే ఉంది. మైక్రో ఆర్‌జీబీ ఎంత గొప్పదైనా ముందున్నది మళ్లీ పరదాయే.

ఓలెడ్‌లోనూ రెండు రకాలున్నాయి. ఎల్‌జీ డిస్‌ప్లే చేసే తెల్ల ఓలెడ్ ఒకటి, 2022 ప్రదర్శనలో సోనీ టీవీతో బయటికొచ్చి, అదే ఏడాది శామ్‌సంగ్ కూడా అమ్మిన క్యూడీ (క్వాంటమ్ డాట్) ఓలెడ్ ఇంకొకటి. రెండో దానిలో రంగులు బాగుంటాయి, కానీ హాల్లో లైట్లు వేసి ఉంటే నలుపు కాస్త ఊదా బూడిదగా మారుతుంది. మరో తిరకాసు ఏంటంటే ఒకే మోడల్ పేరుతో సైజుని బట్టి, దేశాన్ని బట్టి లోపల తెర మారిపోతుంది. అమెరికా యూట్యూబర్ పొగిడిన 65 అంగుళాల టీవీ, మీరు కొంటున్న 55 ఒకటే అని నమ్మకండి. రివ్యూ చూసేటప్పుడు సైజు కూడా చూడండి.

అంకెల్లో చూడాల్సినవి, చూడక్కర్లేనివి

వెలుగుని నిట్స్‌లో చెబుతారు. వేదిక మీద 4,000, 5,000 అంటారే, అది తెరలో ఒక చిన్న తెల్లటి ముక్కని కాసేపు వెలిగించినప్పటి లెక్క. తెరంతా తెల్లగా ఉన్నప్పుడు, ఉదాహరణకి ఎండలో టెస్ట్ మ్యాచ్, ఆ అంకెలో కొంత భాగమే వస్తుంది, ఓలెడ్‌లో అయితే మరీ తక్కువ.

రిఫ్రెష్ రేట్, అంటే తెర సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందన్న లెక్క (హెర్ట్జ్‌లో చెబుతారు), ఆ విషయంలో నేటివ్ అనే మాట కోసం వెతకండి. మోషన్ రేట్ 240 అని పెద్దక్షరాల్లో ఉండి, లోపల తెర 60 హెర్ట్జ్‌దే ఉండటం చాలా మామూలు. క్రికెట్, ఆటలు ఎక్కువ చూసే ఇంటికి 120 హెర్ట్జ్ నిజంగా తేడా చూపిస్తుంది, సీరియళ్లు మాత్రమే చూసే ఇంటికి 60 చాలు. 43 అంగుళాల్లో చాలా మోడళ్లు 60తోనే వస్తాయి.

సెట్‌టాప్ బాక్సునో గేమ్ పెట్టెనో టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ కేబుల్ పద్ధతిలో 2.1 గురించి 2017 ప్రదర్శనలో చెప్పారు, సెకనుకి 48 గిగాబిట్లు, 4కే బొమ్మ సెకనుకి 120 సార్లు. 2025లో 2.2 అన్నారు, 96 గిగాబిట్లు. ఇంట్లో ప్లేస్టేషనో ఎక్స్‌బాక్సో ఉన్న కుర్రాళ్లు తప్ప ఎవరూ దీని గురించి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. ఉన్నవాళ్లు మాత్రం 2.1 అనే ముద్ర చూసి ఆగిపోకూడదు, ఎందుకంటే పాత 2.0 స్థాయి పోర్టుకి కూడా ఆ పేరు పెట్టుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. "4కే 120, వీఆర్‌ఆర్ ఎన్ని పోర్టుల్లో?" అని సూటిగా అడగాలి (వీఆర్‌ఆర్ అంటే ఆట వేగానికి తగ్గట్టు తెర వేగం మారడం). సౌండ్‌బార్ పెట్టుకునేవాళ్లు ఈఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగ మీద సౌండ్‌బార్‌కి పంపే సదుపాయం) ఉందో లేదో చూసుకుంటే చాలు. సౌండ్‌బార్ కొనండి కూడా, ఇంత సన్నటి టీవీల్లో శబ్దం ఎక్కడినుంచి వస్తుంది.

డాల్బీ విజన్ (సీను సీనుకీ వెలుగునీడల్ని సరిచేసే పద్ధతి) కావాలనుకుంటే శామ్‌సంగ్ 2025 మోడళ్ల వరకూ అది లేదని గుర్తుంచుకోండి, వాళ్లది అలాంటిదే ఇంకో పద్ధతి, హెచ్‌డీఆర్10 ప్లస్. అది లేనంత మాత్రాన గుండెలు బాదుకునేంత నష్టం లేదు, ఉంటే మంచిదే.

ఇక ఏఐ. 2024, 2025 రెండేళ్లూ ఆ మాట లేని వాక్యం వినపడలేదు. 2025లో శామ్‌సంగ్, ఎల్‌జీ తమ టీవీల్లోకి మైక్రోసాఫ్ట్ వాళ్ల ఏఐ సహాయకుడు కోపైలట్‌ని తెస్తామని కూడా చెప్పాయి. అందులో మనకి పనికొచ్చేది ఒక్కటే, తక్కువ నాణ్యతతో వచ్చే ఛానెల్‌ని పెద్ద తెరకి సరిపడా నున్నగా చేసే పని. అది ఎంత బాగా చేస్తుందో ప్రకటనలో తెలియదు, దుకాణంలో చూడాల్సిందే.

మీ ఇల్లు ఎలాంటిది?

అన్నిటికన్నా ఇదే ముఖ్యం, ఏ ప్రదర్శనలోనూ ఎవరూ చెప్పనిది. వెగాస్ హాల్లో టీవీలని చీకటి గదుల్లో, నల్ల గోడల మధ్య పెడతారు. మన హాల్లో ఎదురుగా బాల్కనీ తలుపు, పైన ట్యూబ్‌లైట్, వెనక దేవుడి గదిలో దీపం, ఇవన్నీ తెర మీదే కనిపిస్తాయి. పగలు ఎక్కువ చూసే ఇంటికి, పెద్ద కిటికీలున్న హాలుకి మంచి మినీ ఎల్‌ఈడీ నా మొదటి సలహా. రాత్రి లైట్లు ఆర్పి సినిమాలు చూసే అలవాటుంటే ఓలెడ్‌కి సాటి లేదు.

రెండోది, మీ ఇంట్లో తెలుగు న్యూస్ ఛానెల్ రోజుకి ఎన్ని గంటలు నడుస్తుంది? నవ్వకండి. మన న్యూస్ ఛానెళ్లలో కింద ఎర్ర పట్టీ, దాని మీద పసుపు పట్టీ, మూలన లోగో, పక్కన బ్రేకింగ్ న్యూస్ పెట్టె, ఇవి రోజంతా కదలవు. ఓలెడ్ తెరలో ఒకేచోట ఒకే రంగు నెలల తరబడి వెలిగితే ఆ మచ్చ అచ్చుపడిపోయే ప్రమాదం ఉంది. రిటైరైన నాన్నగారు పొద్దున కాఫీ నుంచి రాత్రి భోజనం దాకా చర్చలు చూసే ఇంటికి ఓలెడ్ వద్దు, ఎంత ఆఫర్ ఇచ్చినా వద్దు.

మూడోది ఇంకా మన సొంత అలవాటు. రాత్రి పడుకునే ముందు గోడ దగ్గర స్విచ్ ఆపేయడం. ఓలెడ్ టీవీలు కొన్ని గంటలు నడిచాక, రిమోట్‌తో ఆపినప్పుడు, స్టాండ్‌బైలో ఉండి తెరని తామే సరిచేసుకుంటాయి. స్విచ్ కట్టేస్తే ఆ పని జరగదు. అమ్మ కరెంటు బిల్లు ఆదా చేస్తున్నాననుకుంటూ టీవీ ఆయుష్షు తగ్గిస్తుంటుంది. ఓలెడ్ కొంటే ఇంట్లో అందరికీ ఈ సంగతి ముందే చెప్పి, స్విచ్ మీద చిన్న కాగితం అంటించండి. ఉరుములు మెరుపులు వచ్చే రోజు మాత్రం ప్లగ్గే కాదు, కేబుల్ వైరు కూడా పీకేయండి, అది ఏ టీవీకైనా.

ఎప్పుడు కొనాలి

జనవరిలో చూపించిన టీవీ అమెరికాలో మార్చి, ఏప్రిల్ నుంచి దుకాణాలకి వస్తుంది. మన దగ్గరికి చాలావరకు మే నుంచి ఆగస్టు లోపు, కొన్ని అసలు రావు. వచ్చిన కొత్తలో ధర కొండెక్కి ఉంటుంది, దసరా దీపావళి ఆఫర్లలో మొదటిసారి దిగుతుంది, మళ్లీ సంక్రాంతి, రిపబ్లిక్ డే సమయంలో ఇంకోసారి. అంటే మా బావమరిది ఏ వారంలో ఆగమంటావా అని అడుగుతున్నాడో, సరిగ్గా ఆ వారంలోనే కిందటేడు మోడల్ బాగా చవకవుతుంది. కొత్తది వస్తోందన్న వార్తే పాతదాని ధర దించుతుంది. కాబట్టి ప్రదర్శన వార్తలు చదివేటప్పుడు కొత్త మోడల్‌లో ఏం మారిందో చూడండి, పెద్దగా ఏమీ మారకపోతే పాతది కళ్లకద్దుకుని తెచ్చుకోండి. ఏదైనా నిజంగా పెద్ద మార్పు ఉంటే మాత్రం దసరా దాకా ఆగడంలో అర్థం ఉంది. అలాంటి ఏడాది నాలుగింటికి ఒకటి వస్తుందేమో.

ఏది ఏ ఏడాదిదో పేరులోనే ఉంటుంది. ఎల్‌జీ ఓలెడ్‌లో సీ4 అంటే 2024, సీ5 అంటే 2025. శామ్‌సంగ్‌లో చివర డీ ఉంటే 2024, ఎఫ్ ఉంటే 2025, మధ్యలో ఈ వదిలేశారు. దుకాణంలో "ఇది లేటెస్ట్ సార్" అన్నప్పుడు ఆ అక్షరం చూడండి, రెండేళ్ల నాటిదాన్ని నిరుటి ధరకి ఇస్తుంటే అక్కడే బేరం మొదలెట్టండి. పన్ను సంగతి కూడా గుర్తుపెట్టుకోండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కాబట్టి అంతకు ముందరి ధరతో పోల్చి "ఇంత తగ్గించాం" అని చూపిస్తే అందులో కొంత ప్రభుత్వం తగ్గించిందే.

డాలర్ ధరని రూపాయల్లోకి గుణించి లెక్కలేసుకోవద్దు, మన ధర ఎప్పుడూ అలా రాదు. అమెరికాలో ఉన్న అక్కయ్యతో తెప్పించుకుందామన్న ఆలోచన కూడా మానుకోండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, కొన్ని టీవీలు మన 230కి తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోవు, అక్కడి ట్యూనర్ పద్ధతి వేరు, వారంటీ ఇక్కడ చెల్లదు, విమానాశ్రయంలో సుంకం సరేసరి.

ప్రకటనలు ప్రత్యక్షంగా చూడాలనే సరదా ఉంటే, వెగాస్‌కి మనకి జనవరిలో పదమూడున్నర గంటల తేడా. అక్కడ పొద్దున 8కి మొదలయ్యే విలేకరుల సమావేశం మనకి రాత్రి 9:30కి, అక్కడ సాయంత్రం 6:30 ప్రసంగం మనకి మర్నాడు పొద్దున 8కి, టిఫిన్ చేస్తూ చూడొచ్చు. కానీ నన్నడిగితే రెండు రోజులాగి, హాల్లో తిరిగి చూసినవాళ్లు ఏమన్నారో చదవడం మేలు.

దుకాణంలో

టీవీలన్నీ అక్కడ వివిడ్ మోడ్‌లో మండిపోతుంటాయి. తెర మీద రామచిలుకలు, తేనె ధార, నల్ల నీళ్లలో రంగుల సిరా. అన్ని టీవీల్లోనూ అవి బాగుంటాయి, అందుకే అవి పెడతారు. రిమోట్ అడిగి తీసుకుని బొమ్మని సినిమా మోడ్‌కో ఫిల్మ్‌మేకర్ మోడ్‌కో మార్చండి. ఇవ్వనంటే ఇంకో దుకాణానికి వెళ్లండి. పెన్‌డ్రైవ్‌లో మూడు వీడియోలు తీసుకెళ్లండి: చీకటి సీన్లున్న సినిమా ముక్క ఒకటి సబ్‌టైటిల్స్‌తో, క్రికెట్ ముక్క ఒకటి, మీ ఇంట్లో చూసే మామూలు నాణ్యత సీరియల్ ముక్క ఒకటి. సబ్‌టైటిల్ తెల్ల అక్షరాల చుట్టూ పొగలా వెలుగు కనిపిస్తే జోన్లు తక్కువని అర్థం. పచ్చటి మైదానం మీద కెమెరా పక్కకి తిరిగినప్పుడు మురికి చారలు కనిపిస్తున్నాయేమో చూడండి. సీరియల్‌లో ముఖాలు మైనం బొమ్మల్లా ఉంటే ఆ ఏఐ అతిగా పనిచేస్తోంది. తర్వాత పక్కకి, సోఫా చివర కూర్చున్నవాళ్లకి కనిపించే కోణంలోకి జరిగి నిలబడండి, రంగులు వెలిసిపోతే ఇంట్లో గొడవలే.

మెనూలోకి వెళ్లి నాలుగైదు యాప్‌లు తెరిచి చూడండి. తడబడుతుంటే కొత్తలోనే ఇలా ఉంది, రెండేళ్లకి ఏమవుతుందో. కొన్ని కంపెనీలు ఐదేళ్లు, ఏడేళ్లు అప్‌డేట్లు ఇస్తామంటున్నాయి. అలా చెప్పని టీవీలో తెర బాగుంటే కొనేయండి, తర్వాత ఐదారు వేలు పెట్టి స్ట్రీమింగ్ స్టిక్ తగిలించుకోవచ్చు.

మిగతా గాడ్జెట్ల సంగతి

అదే జల్లెడ. శామ్‌సంగ్ బంతి రోబో బ్యాలీ 2020లో దొర్లుకుంటూ వచ్చింది, 2024లో ప్రొజెక్టర్ తగిలించుకుని మళ్లీ వచ్చింది, 2025లో ఈ ఏడాదే అమ్ముతామన్నారు, ఆ ఏడాది గడిచింది కానీ అది దుకాణాలకి రాలేదు. 2024లో రాబిట్ ఆర్1 అనే నారింజ రంగు పెట్టె 199 డాలర్లకి ఎగబడి కొన్నారు, చేతికొచ్చాక ఇది ఫోన్ చేసే పనే కదా అని నిట్టూర్చారు. 2023లో వైర్‌లెస్ ఛార్జింగ్‌కి క్యూఐ2 అనే కొత్త ప్రమాణం ప్రకటిస్తే ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అదే ఏడాది ఫోన్లలోకి వచ్చేసింది. చప్పగా ఉండే ప్రకటనల్ని కాస్త శ్రద్ధగా చదవండి.

ఇంటికి తెచ్చే ముందు

సోఫా నుంచి గోడకి దూరం అంగుళాల్లో కొలిచి 1.6తో భాగించండి, అదే మీ సైజు. 7 అడుగులైతే 50 నుంచి 55, 9 అడుగులైతే 65. ఎక్కువగా పాత ఛానెళ్లే చూసే ఇల్లయితే ఒక సైజు తగ్గండి, పెద్ద తెర మీద చెడ్డ బొమ్మ ఇంకా చెడ్డగా ఉంటుంది. 55 అంగుళాల తెర సుమారు 122 సెంటీమీటర్ల వెడల్పు, 69 ఎత్తు. 65 అయితే 144, 81. ఆ కొలతకి పాత పేపర్లు అతికించి గోడకి అంటించి రెండు రోజులు ఉంచండి. 75 అయితే డబ్బా దాదాపు ఆరడుగుల పొడవుంటుంది, అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో పట్టకపోవచ్చు, అప్పుడు నాలుగో అంతస్తు దాకా మెట్ల మీద మోయించాలి, ఆ మాట డెలివరీకి ముందే మాట్లాడుకోండి. డబ్బా విప్పేటప్పుడు మొదటి నుంచి వీడియో తీయండి. ఆన్ చేసేటప్పుడు స్టోర్ మోడ్ కాకుండా హోమ్ మోడ్ ఎంచుకోండి, ఆ తర్వాత మోషన్ స్మూతింగ్ (కదలికల్ని అతిగా నున్నగా చేసే సెట్టింగ్) ఆపేయండి, లేకపోతే కోట్లు పెట్టి తీసిన సినిమా కూడా సీరియల్‌లా కనిపిస్తుంది.

మా బావమరిది ఇదంతా విని ఈసారి నిజంగానే గోడకి పేపర్లు అంటించాడు. 65 కొలత. ఫోటో పంపాడు. రెండో రోజు అత్తయ్య ఫోన్ చేసి, టీవీ ఏదైనా కొనుక్కోండి కానీ వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ ఉన్న మేకు మాత్రం కదిలించడానికి వీల్లేదన్నారు. ఇప్పుడు 55 చూస్తున్నాం, నిరుటి మోడల్.